మామ్మ ఎందుకు పడింది?

(ఎముకల వార్డు రోగుల బంధువుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో వార్డు సిస్టరు ఇచ్చిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది రాత్రంతా వరండాలో చాప పరుచుకుని పడుకుని, పొద్దున్నే టీ కూడా తాగకుండా వచ్చి కూర్చున్నారని నాకు తెలుసు. డాక్టరుగారు రౌండ్సుకు వచ్చేలోగా ముగిస్తాను. మధ్యలో మీ పేషెంటు పిలిస్తే మొహమాటపడకుండా లేచి వెళ్ళండి.

పెద్ద వయసు ఆడవాళ్ళు ఇంట్లో పడిపోవడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఈ వార్డులో ఆడవాళ్ళ మంచాల వైపు ఒకసారి చూడండి. మోటారు సైకిలు మీద నుంచి పడినవాళ్ళు, ఆటో తిరగబడి వచ్చినవాళ్ళు కొద్దిమందే. బాత్‌రూములో జారినవాళ్ళు, గడప తట్టుకున్నవాళ్ళు, రాత్రి మూత్రానికి లేచి తూలినవాళ్ళే ఎక్కువ. రోడ్డు అంటే మనకు భయం ఉంది, పెద్దామెను చెయ్యి పట్టుకుని దాటిస్తాం. ఇల్లంటే ఆ భయం లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి యాభై ఏళ్ళు తిరిగిన ఇంట్లోనే ఆమె తుంటి విరుగుతోంది.

మగవాళ్ళు పడరా అని అడగవచ్చు. పడతారు. అయితే నెలసరి ఆగిపోయిన తర్వాత ఆడవాళ్ళ ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గిపోతుంది. ఎముక గట్టితనాన్ని కాపాడే వాటిలో అది ముఖ్యమైనది. అది తగ్గిన తర్వాత మొదటి కొన్నేళ్ళలోనే ఎముక త్వరత్వరగా గుల్లబారుతుంది. పైకి ఏమీ కనబడదు, నొప్పి కూడా ఉండదు. అందుకే నిలబడిన ఎత్తు నుంచి కింద పడినంత మాత్రానికే మణికట్టో, వెన్నుపూసో, తుంటి ఎముకో విరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన నివేదిక ప్రకారం 65 ఏళ్ళు దాటినవారిలో ఏడాదికి 28 నుంచి 35 శాతం మంది కనీసం ఒకసారి పడుతున్నారు. 70 దాటినవారిలో అది 32 నుంచి 42 శాతం. పడిపోవడం వల్ల ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారని అదే సంస్థ అంచనా. అందులో ఎక్కువ మంది మనలాంటి దేశాలవారే.

జాగ్రత్తల జాబితా చెప్పడం తేలిక. గోడకు అంటించిన పోస్టరులో కూడా అవే ఉన్నాయి. కానీ ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉండి నేను గమనించినది ఏమిటంటే, పెద్దామె మనసులో ఏముందో తెలియకుండా మనం చెప్పే జాగ్రత్తలు ఆమె చెవికి ఎక్కవు. కాబట్టి ముందు వాళ్ళు ఏమనుకుంటారో చెబుతాను.

కొత్తగా చేరిన పెద్దామెను మేము కొన్ని ప్రశ్నలు అడుగుతాము. "మామ్మగారూ, ఈ ఏడాదిలో ఇంతకు ముందు ఎప్పుడైనా పడ్డారా?" అంటే దాదాపు అందరూ ఒకటే జవాబు చెబుతారు. "లేదమ్మా, ఇదే మొదటిసారి." అక్కడితో ఆగకుండా మరోలా అడగాలి. కాలు జారిందా? కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నారా? తూలి మంచం మీద కూలబడ్డారా? కాళ్ళలో సత్తువ లేక నేల మీద చతికిలబడ్డారా? అప్పుడు చెబుతారు. "ఆఁ, వినాయక చవితి ముందు బావి దగ్గర జారాను. సంక్రాంతికి ముగ్గు వేసి లేస్తుంటే కూలబడ్డాను. అది పడటం కాదులే." ఆమె లెక్కలో పడటం అంటే ఎముక విరగడం. విరగకపోతే అది పడటం కిందకు రాదు. ఇంటికి వెళ్ళాక మీ అమ్మగారినో అత్తగారినో ఈ రెండో రకంగా అడగండి. ఒకసారి పడినవారు మళ్ళీ పడే అవకాశం ఎక్కువ. ఆ చిన్న జారడమే మనకు ముందుగా వచ్చిన ఉత్తరం లాంటిది.

రెండో మాట, "వయసు వచ్చాక పడక ఏం చేస్తాం, రాత." ఇది నిరాశతో అన్నట్టు ఉంటుంది గానీ చాలాసార్లు ఆ మాటతో మన నోరు మూయించడమే ఆమె ఉద్దేశం. వయసుతో పాటు కండ తగ్గడం, చూపు మందగించడం నిజమే. కానీ చెట్టు మీది పండులాగా వయసు దానంతట అదే మనిషిని కింద పడేయదు. తడి నేల, చీకటి, మాత్రల మత్తు, కండలో బలహీనత, ఇలాంటివి రెండు మూడు ఒకేసారి కలిసినప్పుడే మనిషి పడుతుంది. వాటిలో ఒక్కటి తీసేసినా చాలాసార్లు ఆ రోజు పడకుండా గడిచిపోతుంది. కొంతమంది దిష్టి తగిలిందంటారు. నిమ్మకాయ తిప్పుకుంటే తిప్పుకోనివ్వండి, దానితో పోట్లాడి లాభం లేదు. అదే రోజు బాత్‌రూములో లైటు కూడా పెట్టించండి.

మూడోది దాచిపెట్టడం. ఇది అన్నింటికంటే ప్రమాదకరమైనదని నా అభిప్రాయం. ఒక పెద్దామె సంగతి చెబుతాను. ఊరు, పేరు అనవసరం. డెబ్భై దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. పల్లెలో ఒక్కతే ఒక గేదెను పెట్టుకుని పాలు పోసుకుంటూ ఉండేది. కొడుకు మంచివాడే, తల్లి మీద ప్రేమతోనే ఒకసారి ఫోనులో అన్నాడట. "అమ్మా, నువ్వు మళ్ళీ పడ్డావని తెలిస్తే గేదెను అమ్మేసి నిన్ను ఇక్కడికి తెచ్చేస్తాను." ఆ మాటతో ఆమె ఇక పడటం గురించి ఎవరికీ చెప్పడం మానేసింది. కొట్టం దగ్గర ఒకసారి, కుడితి తొట్టి దగ్గర ఒకసారి, మంచం పక్కన ఒకసారి పడింది. ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడకుండా పొడుగు చేతుల రవిక వేసుకుంది. నాలుగోసారి తెల్లవారుజామున తొట్టి పక్కన పడితే లేవలేకపోయింది. పాల కోసం మనిషి వచ్చేదాకా ఆ తడిలోనే పడి ఉంది. తుంటి విరిగింది. ఆపరేషను అయ్యాక డ్రెస్సింగు చేస్తుంటే నాతో అంది, "సిస్టరమ్మా, అది ఉన్నదని పొద్దున్నే లేస్తాను. అది లేకపోతే ఎందుకు లేవాలి?"

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. కొడుకును పిలిచి ఆ మాట ఆయనకు చెప్పాను. చివరికి గేదె పక్కింటివారి కొట్టానికి వెళ్ళింది. ఆమె వాకరు పట్టుకుని రోజూ అక్కడికి వెళ్ళి కాసేపు కూర్చుని వస్తుంది. చెంబుడు పాలు ఇంటికి వస్తాయి. ఆమెకు పూర్తిగా ఇష్టమైన ఏర్పాటు అని చెప్పను. కానీ హైదరాబాదులో మూడో అంతస్తు గదిలో కూర్చోబెట్టి ఉంటే ఆ మాత్రం నడక కూడా ఉండేది కాదు.

మీరు మీ అమ్మను బెదిరించకండి. "పడ్డావంటే పొలానికి పంపను, గుడికి పంపను, చర్చికి పంపను" అంటే ఆమె పడటం మానదు, చెప్పడం మానేస్తుంది. పడ్డానని చెప్పినప్పుడు మొదట మీ నోటి నుంచి "ఎందుకు వెళ్ళావు?" అనే మాట రాకూడదు. "ఎక్కడ పడ్డావు? అప్పుడు ఏం చేస్తున్నావు? తల తిరిగిందా, కాలు జారిందా?" అని అడగండి. డాక్టరుగారికి కావలసిన సమాచారం కూడా అదే.

ఇంకొక రకం ఉన్నారు. ఒకసారి పడి, భయం పట్టుకుని, ఇక మంచం దిగరు. ఇంట్లో వాళ్ళు కూడా "కదలకమ్మా, అన్నీ మేము తెచ్చిస్తాం" అంటారు. అది సేవ అనుకుంటారు. నెల తిరిగేసరికి తొడ కండలు కరిగిపోతాయి, లేచి నిలబడితే కాళ్ళు వణుకుతాయి, ఈసారి నిజంగానే పడుతుంది. భయపడి కూర్చోవడం, కూర్చుని బలహీనపడటం, బలహీనపడి పడటం అనే ఈ చక్రంలో ఎంతోమంది మంచాన పడిపోయారు. వంట గదిలో కూర్చుని కూర తరగడం, బట్టలు మడతపెట్టడం, వరండా చివరిదాకా నడవడం ఇవన్నీ ఆమె చేయగలిగినంత కాలం ఆమెనే చేయనివ్వండి.

చేతికర్ర సంగతి. "కర్ర పట్టుకుంటే ముసలిదాన్ని అనుకుంటారు" అని ఎనభై ఏళ్ళ ఆవిడ నాతో అన్నది. నవ్వకండి, మనకూ ఆ వయసు వస్తుంది. కళ్ళజోడు పెట్టుకోవడానికి లేని సిగ్గు కర్రకు ఎందుకు అని అడిగి చూడండి. మనవడితో కొనిపిస్తే కాదనరు. ఇది కిటుకు. కర్ర కింద రబ్బరు బిళ్ళ ఉండాలి, అరిగితే మార్చాలి. నొప్పి ఉన్న కాలికి ఎదురు వైపు చేతిలో కర్ర పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పి అయితే ఎడమ చేతిలో. చాలామంది దీన్ని తిరగేసి పట్టుకుంటారు.

ఇక ఇల్లు. ఇల్లు సరిచేయాలంటే ఇంజనీరు అక్కరలేదు. పెద్దామెను వెంటపెట్టుకుని ఆమె నడిచే దారిలో నడవండి. పగలు ఒకసారి, రాత్రి లైట్లు తీసేసి ఒకసారి. "ఇక్కడ ఏం పట్టుకుంటావు? ఇక్కడ ఎలా దిగుతావు?" అని అడుగుతూ వెళ్ళండి. మనకు తెలియనివి ఆమె చెబుతుంది. ఏ మెట్టు కదులుతుందో, చూరు నీళ్ళు ఎక్కడ పడి నాచు పడుతుందో, పంపు దగ్గర ఏ బండ జారుతుందో ఆమెకు తెలిసినంత ఇంట్లో ఎవరికీ తెలియదు. వానాకాలంలో నాచు మీద ఇసుకో బూడిదో చల్లి నడవడం మన పెద్దవాళ్ళకు ఎప్పటి నుంచో అలవాటు. నేను ఇంకొక్కటి కలుపుతాను. చల్లడంతో ఆగకుండా బ్లీచింగు పౌడరు వేసి, గట్టి చీపురుతో రుద్ది కడిగించండి. ఆ పని మాత్రం ఆమె చేత చేయించకండి.

బాత్‌రూము దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఎముకలు ఎక్కువగా విరిగే చోట్లలో అదొకటి. ఈ మధ్య అందరూ నున్నటి టైల్సు వేయిస్తున్నారు. అద్దంలా మెరుస్తాయి. తడి పడితే అవి పెద్దవాళ్ళ పాలిట నూనె రాసిన నేలే. గరుకు టైల్సు దొరుకుతాయి, కొత్తగా కట్టుకునేవాళ్ళు అవి అడిగి తీసుకోండి. ఇదివరకే వేయించినవాళ్ళు రంధ్రాలున్న రబ్బరు మ్యాటు, అడుగున నేలను గట్టిగా పట్టుకునే రకం, పరవండి. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోవడానికి పాత చీర మడతో గోనె పట్టానో వేస్తాం. అది మడత పడి కాలికి చుట్టుకుంటుంది, లేదా తడి నేల మీద పట్టాతో సహా మనిషి జారుతుంది. దాన్ని ఈ రోజే తీసేయండి. తలంటు పోసుకున్న రోజున నూనె కారి నేల మీద పడుతుంది. ఆ రోజు స్నానం చేయించేవాళ్ళు పక్కన ఉండాలి, అయిపోగానే సబ్బు నీళ్ళతో నేల కడగాలి. నిలబడి పోసుకోవడం మాన్పించి బరువైన, కాళ్ళు కదలని స్టూలు మీద కూర్చుని పోసుకోమనండి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ తడి నేల మీద జారి తిరగబడుతుంది, దాన్ని నమ్మవద్దు. కూర్చున్న చోట చేతికి అందేలా, దొడ్డి పక్కన కూడా, గోడకు ఒక ఇనుప కడ్డీ బిగించాలి. పెద్దామె ఇప్పటిదాకా లేచేటప్పుడు పట్టుకుంటున్నది దేనిని? పంపును, లేదా తువ్వాలు వేసుకునే కడ్డీని. అవి మనిషి బరువుకు ఊడి వస్తాయి. మంచి కడ్డీకి అయ్యే డబ్బు ఆపరేషను ఖర్చులో ఎన్నో వంతు అని మీరే లెక్క వేసుకోండి. కింద కూర్చునే దొడ్డి అయితే లేవడం కష్టం. దాని మీద పెట్టుకునే గట్టి కమోడు స్టాండు మందుల దుకాణాల్లో దొరుకుతుంది. లోపలి గడియ వేసుకోవద్దని చెప్పండి. సిగ్గు అనిపిస్తే తలుపుకు ఒక తువ్వాలు వేలాడదీయమనండి, లోపల మనిషి ఉన్నట్టు గుర్తు.

మిగతా ఇంటి సంగతి త్వరగా చెబుతాను. గడప ఎత్తుగా ఉంటే, అంచు కనబడేలా పసుపో తెల్ల రంగో ఉండాలి. మన పసుపు కుంకుమల ఆచారం ఇక్కడ మంచి పని చేస్తుంది. మంచం మీద కూర్చుంటే రెండు పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. నవారు కిందికి దిగిన మంచంలో నుంచి లేవడం గోతిలో నుంచి లేచినట్టు ఉంటుంది, బిగించండి. తరచు వాడే డబ్బాలు అటక మీద, పై అరల్లో పెట్టవద్దు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పీట వేసుకుని ఎక్కేది ఆవిడే. చీర కుచ్చిళ్ళు పాదం మీద పడకుండా కాస్త పైకి కట్టుకోవాలి. అరిగిపోయిన హవాయి చెప్పుల బదులు వెనక పట్టీ ఉన్నవి కొనండి. రాత్రి మంచం నుంచి దొడ్డిదాకా చిన్న లైటు వెలుగుతూ ఉండాలి, కరెంటు పోయే ఊళ్ళో దిండు పక్కన టార్చి ఉండాలి. ఫోను మోగిందని, కుక్కరు కూత వేసిందని పరుగెత్తవద్దు. ఎవరో మళ్ళీ చేస్తారు, అన్నం కాస్త మాడితే మాడుతుంది.

బస్సు గురించి ఒక్క మాట. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. మామ్మలు కూతుళ్ళ ఇళ్ళకు హాయిగా వెళ్ళి వస్తున్నారు, సంతోషమే. కానీ మొదటి మెట్టు ఎత్తు. బస్సు పూర్తిగా ఆగాకే ఎక్కాలి, దిగాలి. చేతిలో రెండు సంచులు ఉంటే కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. భుజానికి తగిలించుకునే సంచి ఒకటి కుట్టించి ఇవ్వండి.

ఇప్పుడు ఒంటి సంగతి. పడుకున్న మనిషి లేచి నిలబడగానే కొందరికి రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. పై అంకె 20 పాయింట్లు, లేదా కింది అంకె 10 పాయింట్లు తగ్గితే అది గమనించవలసిన సంగతి. బి.పి. మాత్రలు, నీరు తీసే మాత్రలు వాడేవారిలో, ఎండాకాలంలో నీళ్ళు సరిగా తాగనివారిలో ఇది ఎక్కువ. అందుకే ఈసారి చూపించుకున్నప్పుడు "నిలబెట్టి కూడా బి.పి. చూడండి" అని మీరే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. మంచం దిగేటప్పుడు ముందు లేచి కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి, పాదాలు పది సార్లు ఆడించి, అప్పుడు నిలబడాలి. నిలబడ్డాక కూడా ఒక్క క్షణం ఆగి నడవాలి.

మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుగారికి చూపించండి. మూడు చోట్ల చూపించుకున్న ముగ్గురి మాత్రలు ఒకే మనిషి కడుపులోకి వెళ్తున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. నిద్రమాత్రలు, మత్తు కలిగించే జలుబు మాత్రలు, షుగరు మరీ తగ్గించే మాత్రలు మనిషిని తూలేలా చేస్తాయి. అయితే మీ అంతట మీరు ఆపేయవద్దు. నిద్రమాత్రలు ఒక్కసారిగా మానితే వేరే ఇబ్బందులు వస్తాయి. ఇంకొకటి, మోకాళ్ళ నొప్పులకు పేరు లేని పొట్లాల్లో మాత్రలు ఇస్తుంటారు, రెండు రోజుల్లో నొప్పి మాయం అవుతుంది. వాటిలో స్టెరాయిడు ఉండవచ్చు. నెలల తరబడి వాడితే అది ఎముకను, కండను తినేస్తుంది. చీటీ లేని మాత్ర ఇంట్లోకి రానివ్వవద్దు.

కంట్లో శుక్లం ఉంటే ఆపరేషను వాయిదా వేయకండి. మసకలో మెట్టు అంచు కనబడదు. రెండు అద్దాల కళ్ళజోడు పెట్టుకున్నవారు మెట్లు దిగేటప్పుడు కింది అద్దంలోంచి చూస్తారు, అది దగ్గరి చూపుకు చేసినది కాబట్టి మెట్టు చెదిరినట్టు కనిపిస్తుంది. గడ్డం కిందికి వంచి పై అద్దంలోంచి చూడమని నేర్పాలి. రాత్రి నాలుగు సార్లు మూత్రానికి లేస్తున్నా, మంటగా ఉందన్నా దానికి వైద్యం ఉంది. సిగ్గుపడి చెప్పరు, కోడలైనా కూతురైనా మెల్లగా అడగాలి. పగలు నీళ్ళు బాగా తాగించి, పడుకునే ముందు తగ్గించండి. కానీ దొడ్డికి వెళ్ళవలసి వస్తుందని పగలంతా నీళ్ళే తాగకుండా ఉండే మామ్మలు ఉన్నారు, కళ్ళు తిరగడానికి అదొక కారణం.

తిండి విషయంలో నా కోపం ఒకటి ఉంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిన చారు, మజ్జిగ అన్నం తిని లేచే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. "పళ్ళు లేవు, ఇది చాలు" అంటారు. కండ ఎక్కడి నుంచి వస్తుంది? పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, తినేవారికి చేప రోజూ ఏదో ఒక రూపంలో అందాలి. నెలసరి ఆగిన ఆడవాళ్ళకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు, పెద్ద గ్లాసు పాలలో సుమారు 250 ఉంటాయి. రాగి జావ, నువ్వుల ఉండ, మునగాకు పప్పు మనకు కొత్తవి కావు. ఎండకు కొదవ లేని దేశంలో ఉండి కూడా మన ఆడవాళ్ళలో చాలామందికి విటమిన్ డి తక్కువ. రక్తపరీక్ష చేయించి డాక్టరు చెప్పినన్ని వారాలే ఆ 60 వేల యూనిట్ల పొడి వాడాలి. మంచిదే కదా అని ఏడాదంతా వాడితే హాని.

పడకుండా ఉండటానికి గట్టి రుజువు ఉన్న మందు వ్యాయామం. వివిధ దేశాల్లో జరిగిన 108 పరిశోధనలను కలిపి 2019లో పరిశీలిస్తే, కాళ్ళకు బలం, నిలకడ ఇచ్చే వ్యాయామాలు చేసేవారిలో పడటం సుమారు 23 శాతం తగ్గింది. పెద్ద వ్యాయామాలేమీ కావు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, వీలైతే చేతులు ఆనించకుండా, పది సార్లు లేచి కూర్చోవడం. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి ముని వేళ్ళ మీద నిలబడటం. అదే గట్టు పట్టుకుని ఒక్కో కాలి మీద కాసేపు నిలబడటం. మొదట్లో పక్కన మనిషి ఉండాలి. సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు చేయించండి, గుర్తు పెట్టుకోవడం తేలిక.

ఇంట్లో మీరే చేయగల పరీక్ష ఒకటి ఉంది. కుర్చీ నుంచి పది అడుగుల దూరంలో సుద్దముక్కతో గీత గీయండి. ఆమె కుర్చీలోంచి లేచి, మామూలు నడకతో గీతదాకా వెళ్ళి, తిరిగి వచ్చి కూర్చోవాలి. రోజూ వాడే కర్ర పట్టుకోవచ్చు. 12 సెకన్లు, లేదా అంతకంటే ఎక్కువ పడితే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క, డాక్టరుకు చెప్పండి.

ఇన్ని చేసినా పడవచ్చు. అప్పుడు గబుక్కున చంకల కింద చేతులు వేసి లేపవద్దు. ముందు మాట్లాడించండి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే, గజ్జల్లో నొప్పి అని కాలు ఎత్తలేకపోతే తుంటి విరిగినట్టే అనుకుని 108కి ఫోను చేయండి. నూనె రాసి మర్దన చేయవద్దు, నడిపించి చూడవద్దు. తుంటి విరిగిన మనిషికి కట్టు కట్టించి ఇంట్లో పడుకోబెట్టేవారు ఇంకా ఉన్నారు. చేతికో కాలి మడమకో పుత్తూరు కట్టు వేయించుకుని బాగుపడ్డామనే వారితో నేను వాదించను. తుంటి లోపల ఉన్న ఎముకను బయటి కట్టు పట్టి ఉంచలేదు. వారాల తరబడి కదలకుండా పడుకుంటే వీపు మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో కఫం చేరడం, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం, వీటితో పోతారు. ఒంట్లో మిగతావి అనుకూలంగా ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషను చేసి లేపి నిలబెట్టడం మేలు. "ఈ వయసులో ఆపరేషను ఎందుకు" అని చుట్టాలు అంటారు. ఆ వయసు కాబట్టే తొందరగా చేయాలి. తలకు దెబ్బ తగిలితే, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారిని, వెంటనే చూపించాలి. అప్పుడు బాగానే ఉన్నా కొన్ని వారాల తర్వాత కూడా తలనొప్పి, మగత, మాట తడబడటం రావచ్చు.

దెబ్బ ఏమీ లేనప్పుడు లేచే పద్ధతి ముందే నేర్పి ఉంచాలి. ఒక పక్కకు తిరిగి, మోచేతి మీద లేచి, మోకాళ్ళ మీద పాకుతూ గట్టి కుర్చీ దగ్గరికి రావాలి. రెండు చేతులు కుర్చీ మీద ఆనించి, బలంగా ఉన్న కాలి పాదాన్ని నేలకు ఆనించి, మెల్లగా లేచి తిరిగి కూర్చోవాలి. ఒంటరిగా ఉండేవారి మెడలో చిన్న ఫోను తాడుతో వేలాడాలి, పక్కింటివారి నంబరు ఒక్క నొక్కుతో వెళ్ళాలి. రోజూ పొద్దున ఒకే వేళకు ఫోను చేసే అలవాటు పెట్టుకోండి. ఎత్తకపోతే పక్కింటివాళ్ళను పంపండి. దగ్గర ఎవరూ లేని పెద్దవారికి 14567 అనే వృద్ధుల సహాయ నంబరు కూడా ఉంది.

డిశ్చార్జి చీటీ తీసుకునేటప్పుడు ఎముకలు గుల్లబారడానికి మందు రాశారో లేదో అడగండి. విరిగిన ఎముకకు రాడ్ వేయడం వేరు, మిగతా ఎముకలను కాపాడుకోవడం వేరు. వారానికి ఒకసారి వేసుకునే మాత్ర అయితే పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్ళతో వేసుకుని, అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. టీతో వేసుకోకూడదు.

నా మాటలు అయిపోయాయి. ఇప్పుడు ఫిజియోథెరపిస్టుగారు వాకరు ఎత్తు ఎలా సరిచూసుకోవాలో చూపిస్తారు. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే వాకరు పిడి మణికట్టు దగ్గరికి రావాలి, అంతకు మించి ఎత్తు ఉండకూడదు. మూడో నంబరు మంచం మామ్మగారి కోడలు ముందుకు రండి, మీ వాకరుతోనే మొదలు పెడదాం. వెనక ఉన్నవాళ్ళు కాస్త దగ్గరికి జరగండి.